మంచి మాట చెప్పని ఊరు

ఉత్తరం వచ్చిన రోజున మొంచిల్ పెరట్లో మిరపకాయలు కాలుస్తున్నాడు. సెప్టెంబరు వచ్చిందంటే బల్గేరియా కొండల్లోని క్రుషోవిర్‌లో ఏ పెరట్లో చూసినా అదే పని. అరచేతి వెడల్పున ఉండే ఎర్ర మిరపకాయల్ని, కారం లేనివాటిని, బొగ్గు రంగు వచ్చేదాకా కాల్చాలి, తొక్క ఒలవాలి, టమాటాలతో ఉడికించి చలికాలానికి సీసాల్లో పెట్టుకోవాలి. ఆ నెలంతా ఊళ్ళో మనుషులకీ కుక్కలకీ ఆరేసిన బట్టలకీ ఒకటే వాసన.

పోస్టు తెచ్చే దొన్కా కవరును గోడ మీద పెట్టి, మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయింది. అది మంచి లక్షణం కాదు. మామూలుగా అయితే ఉత్తరంలో ఏముందో తెలుసుకునేదాకా దొన్కా గేటు దగ్గర్నుంచి కదలదు.

కవరు మీద జిల్లా ఆఫీసు ముద్ర చూసి మొంచిల్ భార్యను కేకేశాడు. నెవెనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వే చదువు. నాకు కళ్ళజోడు కనపళ్ళేదు," అంది.

కళ్ళజోడు ఆమె నెత్తి మీదే ఉంది. మొంచిల్ ఆ సంగతి చెప్పలేదు. పదహారేళ్ళ కాపురంలో ఏది చెప్పకూడదో అతనికి తెలుసు.

చదివాడు. దత్తత కోసం పెట్టుకున్న దరఖాస్తును పరిశీలించామనీ, దరఖాస్తుదారులు పిల్లను పెంచడానికి తగినవారు కారని నిర్ణయించామనీ, ఒప్పుకోకపోతే పద్నాలుగు రోజుల్లో కమిటీ ముందు చెప్పుకోవచ్చనీ ఉంది. కింద, విచారణకు వచ్చిన ఆఫీసు అమ్మాయి రాసిన కారణాలు. ఇలాంటి ఉత్తరాల్లో కారణాలు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఇందులో పేజీన్నర ఉన్నాయి.

పక్కింటి వృద్ధురాలు చెప్పిన ప్రకారం భర్త ఒట్టి పనికిమాలినవాడు. భార్యకు నీళ్ళు కాచడం కూడా రాదు. ఆ ఇంటికి ఏ పిల్ల వచ్చినా దాని మీద కోళ్ళు రెట్టలు వేయాలని సదరు వృద్ధురాలు గట్టిగా కోరుకున్నారు. ఊరి పెద్ద చెప్పిన ప్రకారం భర్త తాగుతాడు, భార్య అరుస్తుంది, ఇద్దరికీ పిల్లల ముఖం చూసే యోగ్యత లేదు. కిరాణా కొట్టు యజమాని అయితే వివరాలు చెప్పకుండా నేల మీద మూడుసార్లు ఉమ్మి లోపలికి వెళ్ళిపోయాడు. పిల్ల కోసం అని చూపించిన గదిలో మంచం లేదు, బొమ్మ లేదు, గోడకు ఒక బొమ్మకాగితమైనా లేదు. ఎలాంటి బిడ్డ కావాలని అడిగితే భార్య "ఏదో ఒకటి, మేమేం అంత ఆశ పెట్టుకోలేదు" అని జవాబిచ్చింది. మంచి తండ్రి కాగలననుకుంటున్నారా అని అడిగితే భర్త "నేనా, నాకేం చేతనవును" అన్నాడు.

మొంచిల్ అక్కడిదాకా చదివి కాగితం దించాడు. పొయ్యిలో మిరపకాయలు బొగ్గు రంగు దాటి బొగ్గే అయిపోయాయి. ఇద్దరిలో ఒక్కరూ వాటివైపు చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొంచిల్ బడి బస్సు నడుపుతాడు. కొండ మీద మూడు ఊళ్ళ నుంచి పద్నాలుగు మంది పిల్లల్ని పొద్దున్నే ఎక్కించుకుని బడికి దింపి, మధ్యాహ్నం మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాడు. మంచు పడ్డా, వాన పడ్డా, పన్నెండేళ్ళుగా ఒక్క పిల్లకు గోరు కూడా విరగలేదు. పద్నాలుగు మందిని నమ్మి ఇచ్చిన ప్రభుత్వం ఒక్కరిని ఇవ్వనంటోంది.

నెవెనా పొయ్యి ఆర్పి, కాలిపోయిన కాయల్ని ఒక్కొక్కటే బకెట్లో పడేసింది.

"గది అలాగే ఉంచుదాం. మూసేసి," అంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మొంచిల్‌కి ఆమె ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్కింటికి బయల్దేరాడు. పక్కింట్లో ఉన్న వృద్ధురాలు ఒక్కతే.

కునా మామ్మకు ఎనభై రెండేళ్ళు. మొంచిల్ పుట్టినప్పుడు మొదటి స్నానం చేయించింది ఆవిడే. వాళ్ళమ్మ పోయాక వారానికి డజను గుడ్లూ, రోజుకు డజను తిట్లూ ఆవిడ దగ్గర్నుంచే అందుతున్నాయి. అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పెరట్లో ఆ మూల కోళ్ళగూడు. మొంచిల్ ఎప్పుడొచ్చినా ఆ వైపు చూడడు. గూట్లో గడ్డి పరిచి, కోళ్ళు గుడ్లు పెట్టుకునే పాత నీలం రంగు తోపుడు బండి ఒకటుంది. పసిపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పే బండి. తొమ్మిదేళ్ళ కిందట నెవెనాకు ఏడో నెలలో అతనే ఉత్సాహం ఆపుకోలేక పట్నం నుంచి కొనుక్కొచ్చాడు. వారం తిరక్కుండా బిడ్డ పోయింది. నెవెనా ఆసుపత్రి నుంచి వచ్చేలోపు ఎవరూ చెప్పకుండానే కునా మామ్మ వచ్చి ఆ బండిని తోసుకుపోయి కోళ్ళకిచ్చేసింది. ఆ తర్వాత దాని గురించి ఆ రెండిళ్ళలో ఎవరూ మాట్లాడలేదు.

"ఏరా, వచ్చిందా కాగితం?" అంది మామ్మ, ఆశగా.

మొంచిల్ చదివాడు. పక్కింటి వృద్ధురాలి దగ్గరికి వచ్చేసరికి మామ్మ చిక్కుళ్ళు ఆపి, తన పద్యం తనకే వినిపించినట్టు తలాడిస్తూ వింది.

"కోళ్ళ సంగతి కూడా రాసిందా. బుద్ధిమంతురాలే. నేను ఇంకా చాలా చెప్పా, నీ ముక్కు గురించి, మీ తాత గాడిద గురించి. అవి రాయలేదా?"

"మామ్మా, మాకు పిల్లని ఇవ్వనన్నారు."

ఆవిడ చేతిలో గింజ కింద పడింది. దొర్లుకుంటూ మెట్టు దిగి ఆగింది.

మా వైపు పద్ధతి తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పసిబిడ్డను చూడ్డానికి వెళ్ళి ఎవరైనా ముద్దుగా ఉంది అంటే ఆ తల్లి జన్మలో క్షమించదు. వంగి చూసి, "ఛీ, ఎంత వికారంగా ఉంది, కోళ్ళు నీ మీద రెట్టెయ్య" అనాలి. తూ, తూ, తూ అని మూడుసార్లు ఉమ్మినట్టు చేయాలి. అప్పుడుగానీ దిష్టి పోదు. బిడ్డకే కాదు, పాలిచ్చే ఆవుకీ, కొత్త బస్సుకీ, కాపుకొచ్చిన ప్లమ్ చెట్టుకీ, అందరికన్నా ముఖ్యంగా ఏదైనా మంచి జరగబోతున్న మనిషికీ ఇదే వరస.

"ఆ ఆఫీసు పిల్ల కళ్ళు చూశావా?" అంది మామ్మ చివరికి. "నీలం కళ్ళు. గాజుగోళీల్లాగా. దిష్టి కళ్ళంటే అవే. ఎదురుగా కూర్చుని పెన్ను పట్టుకుని, ఈ మొంచిల్ మంచివాడేనా అని అడుగుతోంది. నీలం కళ్ళ ముందు, అదీ కాగితం మీద, అదీ ముద్ర వేసే కాగితం మీద నిన్ను పొగడమంటావా? నేను నిన్ను చంపాలనుకున్నానా?"

"ఆ పిల్లకి తెలీదు మామ్మా. ఐదేళ్ళప్పుడే అమ్మానాన్నలతో స్పెయిన్ వెళ్ళిపోయిందంట. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసుకుంది."

"వాళ్ళకక్కడ దిష్టి తగలదా?"

మొంచిల్ అక్కణ్ణుంచి ఊరి పెద్ద దోచో దగ్గరికి వెళ్ళాడు. దోచో మొదట గర్వంగా, తర్వాత కంగారుగా, చివరికి తల గోక్కుంటూ విన్నాడు. తాగుతాడని చెప్పకుండా అసలు తాగడని ఎలా చెప్పనురా, అంటే ఆ మర్నాడే నువ్వు కాలవలో పడవా, అని ఎదురడిగాడు. కిరాణా కొట్టు పెన్కో అయితే ఇంకా ఉమ్మాల్సింది, గొంతు ఎండిపోయి మూడుతో ఆపేశానని బాధపడ్డాడు.

ఊరందరి మీదా కోపం తెచ్చుకుందామని మొంచిల్ ఇంటికొచ్చాడు. నెవెనా బల్ల ముందు కూర్చుని, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని కవరులోనే వచ్చిన ఉత్తరం రెండో నకలు చదువుతోంది. వేలు ఒక వాక్యం మీద ఉంది. మేమేం అంత ఆశ పెట్టుకోలేదు.

"ఇది నేనే అన్నా కదా," అంది. "అంత ఆశ ఉంది కాబట్టే అన్నా. గట్టిగా అడిగితే ఎక్కడ పోతుందో అని."

"నేను కూడా నాకేం చేతనవును అన్నానుగా."

"నీది దిష్టి మాట కాదు, నిజమే," అంది నెవెనా. ఆ సాయంత్రం ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వు సగంలో ఆగిపోయింది. "మొంచిల్, ఇంకోసారి అడగనిస్తారా? నాకు నలభై ఒకటి."

ఆ ప్రశ్నకు జవాబు కోసమే తర్వాతి పద్నాలుగు రోజులూ గడిచాయి.

కమిటీ ముందు ఇద్దరు ఊరివాళ్ళు వచ్చి మంచి మాట చెప్పాలి. చూడ్డానికి చిన్న పని. మూడొందల గడప ఉన్న ఊళ్ళో మొంచిల్ ఇల్లిల్లూ తిరిగాడు. ప్రాణం ఇస్తామన్నారు, ప్లమ్ పళ్ళతో కాచే రకియా సారా డబ్బాలతో ఇస్తామన్నారు, పొగడమంటే మాత్రం తలుపు వేసుకున్నారు. కొట్టు పెన్కో, ఎంతసేపైనా తిడతాను, కావాలంటే పట్నం వచ్చి తిడతాను, అంతకు మించి నావల్ల కాదన్నాడు. చివరికి దోచో ఒప్పుకున్నాడు, చదువుకున్నవాడు కాబట్టి. తను రాతపూర్వకంగా ఇస్తానన్నాడు. రెండో మనిషిగా కునా మామ్మ తప్ప దిక్కు లేదు. ఆవిడ వస్తానంది, నోరు విప్పుతానని మాత్రం మాటివ్వలేదు.

కమిటీ రోజున మొంచిల్ బడి పిల్లల్ని దింపేసి అదే బస్సులో నలుగురూ జిల్లా పట్నానికి బయల్దేరారు. దిష్టి తగలకుండా మామ్మ జాకెట్టు తిరగేసి కుట్లు బయటికి వచ్చేలా తొడుక్కుంది. జేబులో వెల్లుల్లి పాయ. నెవెనా మణికట్టుకి ఎర్రదారం కట్టింది, మొంచిల్ మణికట్టుకి రెండు. దోచో ఆదివారం కోటు వేసుకుని, ఒడిలో అట్ట మధ్య పెట్టిన కాగితాన్ని గుడ్డులా పట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చుని తయారుచేశానన్నాడు. ముందే చూపించమంటే, కమిటీ ముందే విందురుగాని, నేను కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నా అన్నాడు.

కమిటీలో ముగ్గురు. నడుమ జెలెవా అనే పెద్దావిడ, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. పక్కన బల్ల దగ్గర ఫైలు ముందేసుకుని ఆ నీలం కళ్ళ పిల్ల కాలినా. ఇద్దరు మగవాళ్ళు ఎప్పుడు భోజనానికి లేవచ్చా అన్నట్టు గడియారం చూస్తున్నారు.

దోచో లేచి నమస్కరించి కాగితం ఇచ్చాడు. జెలెవా దాన్ని చూసి ముందు ఆగింది. కాగితం చుట్టూ వేలు మందాన నల్లటి గీత. పైన మొంచిల్ ఫొటో. ఆవిడ నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

"మనందరి గుండెల్లో చిరకాలం నిలిచే మొంచిల్. కష్టజీవి, నిగర్వి, ఆదర్శ భర్త. నీ చిరునవ్వు మా మధ్య ఎప్పటికీ వెలుగుతుంది. నీ మంచితనాన్ని ఈ ఊరు మరువదు."

జెలెవా కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి నెవెనా వైపు తిరిగి అడిగింది.

"ఎప్పుడు పోయారమ్మా?"

"నేనేనండి," అన్నాడు మొంచిల్ కుర్చీలోంచి. "ఇక్కడే ఉన్నాను."

దోచో మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా ఊరి పెద్దగా అతను మనుషుల గురించి మంచిమాటలు రాసింది చావు కాగితాల మీదే. ఎవరైనా పోతే తలుపులకీ స్తంభాలకీ అంటిస్తారు కదా, అవి. కంప్యూటర్లో పొగిడే కాగితం నమూనా అదొక్కటే ఉంది. పేరూ పుట్టిన తేదీ మార్చి, పోయిన తేదీ ఖాళీగా వదిలేశాడు.

"మేడమ్, ఇంతకన్నా బతికున్నవాణ్ణి ఎలా పొగడాలో మాకు అలవాటు లేదండి," అన్నాడు దోచో.

మగవాళ్ళలో ఒకాయన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. జెలెవా కాగితం ఫైల్లో పెట్టి మామ్మను పిలిచింది. కాలినా పెన్ను తీసింది.

"ముందు ఆ పిల్లని పెన్ను కింద పెట్టమనండి," అంది కునా మామ్మ.

కాలినా జెలెవా వైపు చూసింది. జెలెవా పెట్టేయమన్నట్టు సైగ చేసింది.

మామ్మ లేవలేదు. రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని, నేలను చూస్తూ చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట ఈ అమ్మాయి ఏడో నెలలో ఉండగా రొట్టెల కొట్టు ముందు, అందరూ వింటుండగా తనే అన్నానంది. నీ నడక చూస్తే కడుపులో రాజకుమారుడే ఉన్నాడే అని. అప్పటికే డెబ్బై దాటిన ముసలిదాన్ని, అన్నీ తెలిసినదాన్ని, సంతోషం పట్టలేక నోరు జారానంది. ఉమ్మడం కూడా మర్చిపోయానంది.

"వారం తిరగలేదు. అప్పట్నుంచి వీళ్ళ గురించి నా నోట మంచి మాట రాలేదు. ఒట్టేసుకున్నా. ఇప్పుడు మీరు చెప్పమంటున్నారు. చెప్తే వీళ్ళకేమైనా అయితే పూచీ ఎవరిది? మీరు సంతకం పెడతారా?"

నెవెనా లేచింది. తొమ్మిదేళ్ళుగా మామ్మ తిట్లు తింటూ, అది అలవాటు కొద్దీ అనుకుంటూ వచ్చిన మనిషి. మామ్మ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామ్మా, అది నీ మాట వల్ల కాదు. డాక్టరు చెప్పాడు."

"డాక్టరుకేం తెలుసే. అతను మన ఊరివాడు కూడా కాదు."

"నువ్వు ఆ మాట అన్న రోజు నాకు గుర్తుంది. ఆ వారమంతా నేను రాజకుమారుడి తల్లిని. అది నాకు కావాలి. తీసేసుకోకు."

మామ్మ చాలాసేపు నెవెనా మణికట్టు మీది దారాన్ని చూసింది. తర్వాత కర్ర పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి, జెలెవా చెవి దగ్గరికి వంగింది. ఏం చెప్పిందో గదిలో ఇంకెవరికీ వినపడలేదు. కాస్త ఎక్కువసేపే చెప్పింది. మధ్యలో జెలెవా ఒకసారి నవ్వింది, ఒకసారి కళ్ళజోడు తుడుచుకుంది, ఒకసారి వెల్లుల్లి వాసనకి వెనక్కి జరిగింది. చివర్లో మామ్మ నిటారుగా నిలబడి, ప్రభుత్వ ఆఫీసు నేల మీద మూడుసార్లు తూ, తూ, తూ అని, వచ్చి కూర్చుంది.

జెలెవా కాసేపు ఫైలు మూస్తూ తెరుస్తూ ఉంది. చెవిలో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి నియమాలు ఒప్పుకోవంది. కాబట్టి ఇవాళ అవుననలేనంది. అయితే పాత నివేదికను కూడా నమ్మలేనంది. దాన్ని రద్దు చేస్తున్నానంది.

"కాలినా, నువ్వు మళ్ళీ వెళ్ళు. రెండ్రోజులుండు. వీళ్ళనీ అడక్కు, ఊరినీ అడక్కు. పెన్ను సంచిలోనే పెట్టుకుని చూడు, చాలు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మొంచిల్ అద్దంలోంచి మామ్మను అడిగాడు, చెవిలో ఏం చెప్పావని.

"నీ గురించి కాదులే. నా కోళ్ళ గురించి," అంది మామ్మ. ఆ మాట మీదే చివరిదాకా నిలబడింది.

కాలినా నవంబరులో వచ్చింది, మొదటి మంచు పడ్డ రోజున. తెల్లవారి బడి బస్సులో వెనక సీట్లో కూర్చుంది. మొంచిల్ ఆమె ఉందన్న సంగతి రెండో మలుపుదాకా గుర్తుంచుకున్నాడు, ఆ తర్వాత మర్చిపోయాడు, మరి పద్నాలుగు మంది ఎక్కుతుంటే ఎవరికి గుర్తుంటుంది. ఒక్కొక్కణ్ణీ ఎక్కించుకుంటూ దొంగ వెధవా అనీ, కోతీ అనీ, మళ్ళీ వచ్చావా పీడా అనీ పలకరించాడు. మలుపుల్లో కడుపు తిప్పే పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒడిలో కాగితపు సంచీ, చేతిలో ఎండు బిస్కట్టూ పెట్టాడు. ఒకమ్మాయి బూటు లేసు ఊడితే మంచులో మోకాలు ఆనించి ముడేసి, నీలాంటి మొద్దు పిల్లను నా జన్మలో చూళ్ళేదన్నాడు. ఆ మొద్దు పిల్ల అతని టోపీ లాక్కుని నెత్తిన పెట్టుకుంది. దిగేదాకా ఇవ్వలేదు.

కాలినా చేయి రెండుసార్లు సంచిలోకి వెళ్ళింది, పెన్ను కోసం. రెండుసార్లూ ఖాళీగా బయటికొచ్చింది.

ఇంట్లో నెవెనా జున్ను పెట్టి పొరలు పొరలుగా బానిత్స కాల్చింది. బాగుందా అని కాలినా అడిగించుకోకుండానే మూడు ముక్కలు తింది. ఖాళీ గది చూపించమంది. చూపించారు. కిటికీ తుడిచి ఉంది, నేల కడిగి ఉంది, పొయ్యి కొత్తగా వేసి ఉంది, లోపల ఒక్క వస్తువు లేదు. ఈసారి కాలినా ఎందుకు లేదని అడగలేదు. గుమ్మంలో నిలబడి ఆ ఖాళీని చాలాసేపు చూసింది.

రెండో రోజు మధ్యాహ్నం గేటు దాకా వచ్చి ఆగింది. మొంచిల్, నెవెనా సాగనంపడానికి నిలబడ్డారు. కంచె అవతల కునా మామ్మ, కోళ్ళకి గింజలు వేస్తున్నట్టు, అదే చోట అరగంటగా వేస్తోంది. కాలినా మొహం ఎర్రబడింది. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలాగా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఛీ," అంది చిన్నగా. "ఎంత వికారమైన ఇల్లు. ఏ పిల్లకీ ఈ ఇంటి గతి పట్టకూడదు."

తూ, తూ అంది. మూడోది సరిగ్గా రాక గేటు మీద పడింది. జేబురుమాలు తీసి తుడిచింది.

నెవెనా కంచె కర్ర పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది, ఏది ముందు చేయాలో తెలియట్లేదు. మొంచిల్ గొంతు సవరించుకుని, మీరు కూడా చాలా చెడ్డవారండి, దారిలో బస్సు తప్పిపోవాలి అన్నాడు. కంచె అవతల్నుంచి మామ్మ గొంతు వినిపించింది.

"మూడోది కుదరలేదు. అయినా పరవాలేదు, స్పెయిన్‌లో పెరిగింది పాపం."

డిసెంబరు మూడో వారంలో కవరు వచ్చింది. ఈసారి దొన్కా సైకిలు ఆనించి గేటు దగ్గరే నిలబడింది. ఇద్దరూ ఆమె ముందే చదివారు. నెవెనా పెదవులు కదుపుతూ ఒకసారి, మొంచిల్ భుజం మీంచి ఒకసారి. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెవెనా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిండి డబ్బా అడుగున దాచింది.

"ఏమంట?" అంది దొన్కా.

"మళ్ళీ ఇవ్వనన్నారు," అన్నాడు మొంచిల్.

దొన్కా అతని మొహం చూసింది. అతను దాన్ని వీలైనంత కిందికి వేలాడేశాడు, కానీ మీసం మాత్రం మాట వినట్లేదు. "అయ్యో పాపం," అంది దొన్కా, సైకిలెక్కి ఊరంతా చాటడానికి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. చీకటి పడేలోగా ఊరు ఊరంతా పరామర్శకు వచ్చింది. దోచో రకియా సీసా తెచ్చాడు, దుఃఖం మర్చిపోవడానికని. ఆ దుఃఖంలో రెండు పాటలు కూడా పాడాడు. కొట్టు పెన్కో గుమ్మంలోనే తొమ్మిదిసార్లు ఉమ్మి, ఈసారి గొంతు తడి చేసుకునే వచ్చానన్నాడు. నేనైతే మీకు పిల్లిని కూడా ఇవ్వనని ఒకరు, ఆ ఆఫీసువాళ్ళకి బుద్ధుందని ఒకరు. వచ్చినవాళ్ళలో ఒక్క మొహంలో విచారం ఉంటే ఒట్టు.

కునా మామ్మ మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున మొంచిల్ గుడ్ల కోసం వెళ్ళాడు. పెరట్లో మంచు మీద కోళ్ళు దిక్కు తోచక తిరుగుతున్నాయి. గూట్లో గడ్డి ఇప్పుడు అరటిపళ్ళ పెట్టెలో ఉంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మొంచిల్ ఆ వైపు పూర్తిగా తిరిగి చూశాడు. మామ్మ బకెట్లో ఆవిరి కక్కుతున్న నీళ్ళు పెట్టుకుని, మోచేతుల దాకా నురగతో, నీలం బండిని తోముతోంది. చక్రాలు అప్పటికే తోమేసింది. మెరుస్తున్నాయి.

"మామ్మా, మాకు ఇవ్వనన్నారు," అన్నాడు మొంచిల్.

"తెలుసు. విన్నా. మీలాంటి దరిద్రులకి ఎవడిస్తాడు." ఆవిడ తల ఎత్తలేదు. "దీన్ని చూసి ఏదో అనుకునేవు. కోళ్ళు ఎక్కువయ్యాయి, ఇందులో పట్టట్లేదు, అందుకని తీశా. బంగాళాదుంపలు తోసుకోడానికి పనికొస్తుంది."

"ఒకవేళ మూడేళ్ళదో నాలుగేళ్ళదో అయితే బంగాళాదుంప ఇందులో పట్టదేమో," అన్నాడు మొంచిల్ ఆలోచించి.

మామ్మ బ్రష్ ఆపింది. బండిని ఒకసారి అటూ ఇటూ తోసి చూసింది. కీచుమంది.

"కాళ్ళు బయటికి పెట్టుకుంటుంది," అంది. "తొమ్మిదేళ్ళు కోళ్ళు రెట్టలేసిన బండి ఇది. బల్గేరియా మొత్తంలో దీనికన్నా భద్రమైన బండి ఉండదు. నుంచుని చూస్తావేంట్రా పనికిమాలినవాడా, చక్రాలకి నూనె పట్రా."